పోలిరాజు మావ కాకరకాయ తిన్నాడు

"నరసింహం, తారీకు వేసి రాసుకో. ఇవాళ్టి నుంచి కలకత్తాలో నేరం చేసినవాడికి నిద్ర ఉండదు," అన్నాడు ఢిల్లీశ్వరరావు.

ఈ మహావాక్యం వెలువడింది సంత్రాగాఛి స్టేషన్లో, మా పార్సిల్ ఆఫీసు మూల బల్ల దగ్గర. వాడి కుడి చేతిలో భూతద్దం, ఎడమ చేతిలో మరమరాల పొట్లం. భూతద్దం చెరిగిపోయిన పార్సిల్ చీటీలు చదువుకోమని ఆఫీసువాళ్ళిచ్చింది.

"ఎందుకుండదు?" అని అడిగాను.

"నేను డిటెక్టివ్‌నయ్యాను."

"ఎప్పుడు?"

"పొద్దున్న. స్నానం చేస్తూ ఉండగా."

పద్దెనిమిదేళ్ళుగా వాడి పక్క బల్ల నాది. మా క్వార్టర్లు కూడా పక్కపక్కనే. అంటే నాకు తప్పించుకునే దారి లేదు. అంతకు ముందు వారమే నా గొడుగు పోతే వాడు నాలుగు రోజులు పరిశోధించాడు. ముగ్గురు పోర్టర్లని అనుమానించాడు, ఒక మేకని నిలదీశాడు. చివరికి ఆ గొడుగు వాడి మోచేతికే వేలాడుతూ కనిపించింది. "దొంగ ఎంత గుండెలు తీసిన బంటో చూశావా? సాక్ష్యాన్ని నా చేతికే తగిలించి పారిపోయాడు," అన్నాడు, ఏ మాత్రం తొణకకుండా.

వాడి గురించి ఇంకొక్క మాట చెప్పాలి. వాడు పుట్టిందీ పెరిగిందీ బడికెళ్ళిందీ ఈ ఊళ్ళోనే. తెలుగు గలగలా మాట్లాడతాడు, అక్షరం ముక్క చదవలేడు. ఇంకెవరైనా అయితే సిగ్గుపడతారు. వాడు మాత్రం "చదివినకొద్దీ కళ్ళు మొద్దుబారతాయి, నేరస్థుడి కళ్ళలోకి చూడ్డానికి పనికిరావు" అంటాడు.

ఆ ఆదివారమే రమ్మని మా జగ్గమ్మ అత్త కబురు పెట్టింది. అత్త అంటే మా నాన్న చెల్లెలు. కాపురం వాట్‌గంజ్‌లో, రేవు పనివాళ్ళ ఇళ్ళ మధ్య. ఆవిడ భర్త పోలిరాజు మావ రేవులో ముప్ఫై ఏళ్ళు బరువులెత్తి రిటైరై, ఇప్పుడు భవానీపూర్‌లో ఒక చిన్న ఆఫీసులో ఫైళ్ళు అందించే పని చేస్తున్నాడు. నేనొక్కడినే వెళ్దామనుకున్నాను. మొదటి కేసు కోసం మొహం వాచి ఉన్న ఢిల్లీశ్వరరావు నాకంటే ముందు బస్సెక్కి నాకు సీటు పట్టాడు.

మేం వెళ్ళేసరికి మావ ఇంట్లో లేడు. అత్త మమ్మల్ని మంచం మీద కూర్చోబెట్టి, తలుపు దగ్గరకు వేసి, గొంతు తగ్గించింది.

"ఒరే నర్సిమ్మం, మీ మావ నిన్న కాకరకాయ కూర తినీసినాడ్రా!"

మావకీ కాకరకాయకీ ఉన్న వైరం మా చుట్టాల్లో తెలియనివాళ్ళు లేరు. పెళ్ళైన కొత్తలో ఆ కూర వండిందని అలిగి, ఓడెక్కి అండమాన్ వెళ్ళిపోయిన మనిషాయన.

"తిన్నాడని మీకెలా తెలుసు?" అని ఢిల్లీశ్వరరావు భూతద్దం తీశాడు.

"కేరేజీ ఖాళీగా వచ్చింది బాబూ. ఉత్త ఖాళీ కాదు, నాకీసినంత ఖాళీ. ఇరవై రోజుల్నించీ ఇదే వరస. ముందైతే సగం అన్నం, ముప్పాతిక కూర ఇంటికి తిరిగొచ్చీవి. ఈ వీధిలో పిల్లులన్నీ వాటి మీదే బతికీవి. అనుమానమొచ్చి నిన్న కావాలనే కాకరకాయ కట్టి సూసినాను."

"ఇంకా?"

"పొగుడుతున్నాడు."

"ఎవర్ని?"

"నన్నే! నా వంటని! మొన్నొచ్చి 'అరటికాయలో ఆవ బాగా పడిందే' అన్నాడు. పెళ్ళై ముప్పై ఎనిమిదేళ్ళు. కూర గురించి ఈ మనిషి నోట్లోంచి నాను విన్న మాట ఒకటే. 'ఉప్పు'. అంతే. ఎక్కువో తక్కువో కూడా సెప్పడు." అత్త కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "సావు దగ్గరపడినోలు మంచిగా మారిపోతారంట గదా బాబూ. లోపల ఏటి జబ్బుందో, నాకు సెప్పకుండా దాస్తన్నాడేమో. అదొక్కటి కనుక్కుని సెప్పండి. నాకు ముద్ద దిగడం లేదు."

నిజం చెప్పొద్దూ, నాకూ భయం వేసింది. డాక్టరు దగ్గరకి తీసుకెళ్దామని నేను అనబోతుంటే ఢిల్లీశ్వరరావు లేచి పచార్లు మొదలుపెట్టాడు. ఆ గది ఆరడుగులే కాబట్టి ప్రతి రెండడుగులకీ మంచం కోడు వాడి మోకాలికి తగులుతోంది.

"జబ్బు కాదు అత్తగారూ. అంతకన్నా ఘోరం. గుండె దిటవు చేసుకోండి. మీ ఇంటికి రోజూ వస్తున్నవాడు మీ ఆయన కాడు!"

"మరెవలు?"

"మారువేషగాడు! అదే ముక్కు, అదే మీసం, అదే దగ్గు. అన్నీ నేర్చుకున్నాడు. కాకరకాయ దగ్గర దొరికిపోయాడు! అసలు పోలిరాజుగారిని ఏ చీకటి గోడౌన్లోనో కట్టిపడేశారు."

అత్త కొంగు దించింది.

"అంటే మా ఆయన బతికే ఉన్నాడా?"

"నిక్షేపంలా."

"జబ్బేటీ లేదు?"

"బందీకి జబ్బు రానిస్తారా? ఎంత జాగ్రత్తగా చూసుకుంటారో మీకు తెలీదు."

అత్త మొహంలో వెలుగొచ్చింది. టీ పెట్టడానికి లేచింది. స్టౌ దగ్గర నుంచి మొహమాటంగా, "అయితే బాబూ, అసలు మనిషిని కనిపెట్టండి గాని, మరీ తొందర పడకండి. ఈయన పాపం బాగా తింటన్నాడు," అంది.

అత్త అటు తిరగగానే ఢిల్లీశ్వరరావు నేల మీద బోర్లా పడుకుని, కడిగి బోర్లించిన కేరేజీ గిన్నెని భూతద్దంతో చూశాడు. ఉలిక్కిపడ్డాడు. జేబులోంచి కాగితం తీసి గిన్నె అడుగున అదిమిపెట్టి పెన్సిలుతో రుద్దాడు. నేను తొంగిచూడబోతే కాగితం మడిచి జేబులో కుక్కేసుకున్నాడు.

"ఏటిరా అది?"

"గూఢలిపి! చుక్కలు చుక్కలుగా, గుండ్రాలు గుండ్రాలుగా ఉంది. నీకు చూపించను. నీది గాజు మొహం, లోపలున్నది బయటికి కనిపించేస్తుంది."

మర్నాడు ఇద్దరం సెలవు పెట్టి భవానీపూర్లో మెట్రో దిగాం. అత్త ఇంట్లో ఉండమంటే ఉంటుందా? మాతో వచ్చింది. ఆవిడని మావ ఆఫీసు సందు మొదట్లో టీ కొట్టు వెనకాల నిలబెట్టి, ఏం జరిగినా బయటికి రావద్దని ఢిల్లీశ్వరరావు ఒట్టు వేయించుకున్నాడు. వాడు మారువేషంలో ఉన్నాడు. పంచె, ఇక్కడివాళ్ళు పంజాబీ అనే లాల్చీ, పైన మంకీ టోపీ. మంకీ టోపీ పెట్టుకుంటే ఈ ఊళ్ళో ఎవడూ తేరిపార చూడడని వాడి లెక్క. పుష్యమాసంలో అయితే నిజమే. మేము వెళ్ళింది వైశాఖంలో. సందులో ఉన్నవాళ్ళందరూ పని మానుకుని వాడినే చూశారు.

సందు మధ్యలో ఛోటా హాతీ అనే చిన్న సరుకుల బండి ఒకటి ఆగి ఉంది. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు చారలు వేసి ఉన్నాయి. పక్క తలుపు పైకెత్తితే లోపల వంటిల్లు. నెత్తిన బోర్డు మీద ఏవో కొత్తరకం అక్షరాలు, వాటి కింద బెంగాలీలో 'ఇథియోపియా దుపురేర్ ఖాబార్', అంటే మధ్యాహ్న భోజనం. గిరజాల జుట్టుకి తెల్లగుడ్డ కట్టుకున్న నల్లటి పొడుగాటి అమ్మాయి గరిటె తిప్పుతోంది. ఆఫీసు బాబులంతా ఆమెని "హిరుత్ దీదీ" అని పిలిచి మరీ తింటున్నారు.

ఢిల్లీశ్వరరావు బోర్డు మీది అక్షరాలు చూసి నా చెయ్యి గిచ్చాడు. "అదే లిపి! కేరేజీ కింద ఉన్నదీ ఇదే! ముఠా దొరికింది నరసింహం. ఇక మీద అంతా తెలుగులోనే మాట్లాడు. ఇక్కడ మన భాష పిట్టకి కూడా అర్థం కాదు."

బల్ల మీద కూర్చున్నాం. ఆమె రెండు వెడల్పాటి పళ్ళేలు తెచ్చిపెట్టింది. పళ్ళెం నిండా చోడిపిండి, అంటే రాగిపిండి, అట్టు లాంటిది పరిచి ఉంది. దాని ఒంటినిండా చిల్లులే. మీద ఎర్రగా ఒక కుప్ప, పప్పులా ఒక కుప్ప కూరలు. పక్కన అదే అట్టుని చుట్ట చుట్టి పెట్టింది.

"చన్నీళ్ళ తువ్వాలు. మర్యాద తెలిసిన ముఠా," అని ఢిల్లీశ్వరరావు ఆ చుట్ట విప్పి, టోపీ కింద కారుతున్న చెమటంతా మెడ దాకా తుడుచుకున్నాడు. ఆ పిల్ల గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తర్వాత ఇంకో చుట్ట తెచ్చి, ముక్క తుంపి, కూర అద్దుకుని తినాలని సైగ చేసి చూపించింది.

నేను తిన్నాను. పులిసిన అట్టు రుచి, కారం గూబ అదిరింది. కాని చెయ్యి ఆగలేదు. ఢిల్లీశ్వరరావు తినకుండా ఎర్రకుప్ప వైపు వేలు చూపించి నన్నడిగాడు.

"ఇదేటిరా?"

ఆ పిల్ల అందుకుంది. "వాట్."

"చూశావా, మనం అడిగినదాన్నే ఇంగ్లీషులో మళ్ళీ మననే అడుగుతోంది!" అని వాడు ఆమె వైపు తిరిగాడు. "నో నో. నేను ఆస్కింగ్. వాట్?"

"వాట్."

"వాట్ వాట్?"

"ఇది దోరో వాట్. అది మిసిర్ వాట్. రేపు శిరో వాట్," అంది బెంగాలీలో నెమ్మదిగా, చంటిపిల్లాడికి చెప్పినట్టు.

ఢిల్లీశ్వరరావు బల్ల అంచు పట్టుకున్నాడు. "విన్నావా? వాట్ అంటే వాట్‌గంజ్! శిరో అంటే శిరస్సు! రేపు వాట్‌గంజ్‌లో తల ఎగిరిపోతుంది నరసింహం!"

"కూర పేరేమోరా."

"తలకాయ పేరు కూరకి ఎవడు పెడతాడు?"

"మనం తలకాయకూర తినమా?"

వాడు ఆ ప్రశ్న పట్టించుకోలేదు. ఎందుకంటే అప్పుడే సందు చివర పోలిరాజు మావ కనిపించాడు. చేతిలో అత్త కట్టిచ్చిన కేరేజీ. మావ అటూ ఇటూ చూసుకుంటూ వచ్చి, మళ్ళీ బండెక్కిన ఆ పిల్లకి కేరేజీని కిటికీలోంచి అందించాడు. ఆమె ఒక పళ్ళెం ఆయనకి అందించింది. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఎన్నాళ్ళ నుంచో అలవాటైన పనిలా జరిగిపోయింది.

"సరుకు చేతులు మారింది!" అని ఢిల్లీశ్వరరావు లేచాడు. టోపీ పీకి పారేశాడు. పంజాబీ జేబులోంచి రైలు గార్డు ఈల తీసి శక్తికొద్దీ ఊదాడు. సందు మొగలో పోతున్న మినీబస్సు కీచుమని ఆగిపోయింది. ఇద్దరు దిగిపోయారు కూడా. తింటున్నవాళ్ళంతా "కీ హొలో దాదా, ఏమైంది?" అంటూ చుట్టూ చేరారు.

"కదలకు! నువ్వెవడివి?" అన్నాడు మావతో.

మావ చేతిలో అట్టు ముక్క అలాగే ఉండిపోయింది. "నాను పోలిరాజుని. నువ్వు మా నర్సిమ్మం ఆఫీసు కుర్రోడివి గదా? ఈల ఏటి?"

"అబద్ధం! అసలు పోలిరాజు ఏ గోడౌన్లో ఉన్నాడు? చెప్పు! ఈ పిల్ల చూడ్డానికి అమాయకంగా ఉంది గాని, నరసింహం, ఇదే ముఠా నాయకురాలు! రేపు తల తీసే ఏర్పాట్లు చేస్తోంది. మనం తెలుగులో మాట్లాడుతున్నాం కాబట్టి సరిపోయింది. లేకపోతే ఈపాటికి..."

ఈపాటికి ఏమయ్యేదో మాకు తెలియలేదు. హిరుత్ బండి దిగి వచ్చింది. ఒక ముక్క తుంపి, ఎర్రకూర బాగా అద్ది, లడ్డూ అంత ముద్ద చేసి, తెరిచి ఉన్న వాడి నోట్లో పెట్టేసింది.

"విషం!" అనబోయాడు. "విఫం" అని వచ్చింది. కారం నషాళానికి అంటింది. రెండడుగులు వెనక్కి వేసి బెంచీ తన్నుకుని వెల్లకిలా పడ్డాడు. జేబుల్లోవన్నీ రోడ్డు పాలయ్యాయి. భూతద్దం, పార్సిల్ చీటీలు, మరమరాలు, వాటితో పాటు ఆ పెన్సిలు కాగితం కూడా.

హిరుత్ వంగి కాగితం తీసింది. ఢిల్లీశ్వరరావు కింద నుంచే చేతులు ఊపాడు. "ఇవ్వకండి! ఎవరైనా లాక్కోండి! అది వాళ్ళ గూఢలిపి!"

ఆ పిల్ల కాగితాన్ని వెలుతురుకి పట్టుకుంది. ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి, "జ... గ్గ... మ్మ. జగ్గమ్మ," అని చదివింది. "ఏటండీ, ఇది గూఢలిపి ఏటి? ఇది తెలుగు కదా!"

గిన్నెలు మారిపోకుండా మనవాళ్ళు చుక్కలు పొడిపించి పేరు వేయిస్తారు చూడండి, అది. మా అత్త పెళ్ళికి పెట్టిన గిన్నె మీద మా అత్త పేరు. నాకు ఒక్కసారి చూపించి ఉంటే ఈ బాధంతా తప్పేది.

"మీకు తెలుగొచ్చా?" అన్నాను.

"ఆరేళ్ళు వైజాగ్‌లో చదువుకున్నానండీ. బస్సు బోర్డులు చూసి చదవడం నేర్చుకున్నాను."

"మరి చెప్పరేం?"

"మొదట 'ఇదేటి' అంటే తెలుగువాళ్ళని సంబరపడి జవాబు చెప్పాను. ఈయనకి అర్థం కాలేదు. తర్వాత నన్ను హంతకురాలన్నారు. మొత్తం వినాలనిపించింది." హిరుత్ నవ్వు ఆపుకుంటోంది. "మా దగ్గర ఇష్టమైనవాళ్ళకి నోట్లో ముద్ద పెడతాం. గుర్షా అంటాం. మీ గోరుముద్ద లాంటిదే. ఈయన మీద ఇష్టమేం లేదు గాని, నోరు మూయించడానికి ఇంకో దారి కనపడలేదు."

"మరి శిరో?" అన్నాడు ఢిల్లీశ్వరరావు కింద నుంచి, ఆఖరి ఆశతో.

"మా దగ్గర పులుసుని వాట్ అంటాం. అది శనగపిండి పులుసండీ."

అప్పటికే మా అత్త ఒట్టు తీసి గట్టు మీద పెట్టి టీ కొట్టు వెనక నుంచి వచ్చేసింది. మావ ఆవిడని చూసి పళ్ళెం వెనక్కి దాచుకున్నాడు. అంత పళ్ళెం ఎక్కడ దాగుతుంది? అత్త ఆయన దగ్గరకే వెళ్ళి చొక్కా గుండీ దగ్గర పట్టుకుంది.

"నీకేటీ జబ్బు లేదు గదా?"

"జబ్బేటే! రాయిలాగున్నాను."

అత్త గట్టిగా ఊపిరి వదిలింది. ఇరవై రోజుల నుంచి పట్టి ఉంచిన ఊపిరి అది. ఆ తర్వాత కేరేజీ వైపు తిరిగింది. జరిగింది హిరుతే చెప్పింది. మొదటి రోజు మావ ఈ బెంచీ మీద కూర్చుని మూత తీశాడట. చింతపండు, ఉల్లిపాయల పులుసు. ఆ వాసనకి హిరుత్‌కి వైజాగ్‌లో హాస్టల్ పక్క మెస్సు, అక్కడ కొసరి కొసరి వడ్డించిన పిన్ని గుర్తొచ్చి, గరిటె పట్టుకునే ఏడ్చేసిందట. మావ ఏం చెయ్యాలో తోచక గిన్నె ఆ పిల్ల ముందుకి తోశాడట. ఆ పిల్ల తన వంట ఆయనకి పెట్టింది. అప్పటి నుంచి రోజూ అంతే.

"అయితే కాకరకాయ తిన్నది..."

"నేనే పిన్నీ. బెల్లం వెయ్యకుండా వండారు. చేదు చేదుగానే ఉంది. ఎంత బాగుందో!"

"అరటికాయలో ఆవ బాగా పడిందన్నది?"

"అదీ నేనే. పిన్నికి చెప్పమని రోజూ బాబాయ్‌తో చెప్పి పంపేదాన్ని. చెప్పలేదా?"

చెప్పాడు, తన మాటగా చెప్పాడు. అత్త మొహం చిన్నబోయింది. మనిషికి జబ్బు లేదన్న సంతోషం ఉంది, కాదనను. కాని ఇరవై రోజులు లోలోపల మురిసిపోయిన మాటలు మొగుడివి కాదని నలుగురిలో తెలిసింది. నాకు చాలా జాలేసింది.

ఇదేమీ పట్టని ఢిల్లీశ్వరరావు లేచి, భుజం మీది అట్టుముక్క దులుపుకుని, గుంపుకేసి చెయ్యెత్తాడు. "నేను మొదటే ఏం చెప్పాను? ఆ కాకరకాయ తిన్నది పోలిరాజు కాదన్నానా, లేదా? నరసింహం, రాసుకో! కేసు ముగిసింది!" బెంగాలీ బాబులు విషయం తెలియకపోయినా చప్పట్లు కొట్టారు.

అత్త చప్పట్లు ఆగేదాకా ఉంది. తర్వాత మావ మొహంలోకి చూడకుండా అడిగింది. ఇప్పుడు అడిగిన ఈ సంగతి ఆవిడ మాకు అంతకుముందు చెప్పలేదు. సిగ్గుపడి దాచుకుందనుకుంటాను.

"సరే. తిన్నది ఈ పిల్లే. పొగిడింది ఈ పిల్లే. లచ్చివారం పొద్దున్న నా పక్కన పీటేసుకుని ఉల్లిపాయలన్నీ తరిగిచ్చావు గదా. అదీ ఈ పిల్లే సెప్పిందా?"

హిరుత్ అడ్డంగా తలూపింది. మావ పళ్ళెం బల్ల మీద పెట్టేశాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"ఎవలూ సెప్పలేదే. నీ పులుసు తిని పరాయి పిల్ల ఏడిసింది. ముప్పై ఎనిమిదేళ్ళు నాను ఉప్పు సూసుకున్నాను గాని, అది వండీటప్పుడు నీ కళ్ళెలాగుంటాయో ఒక్కనాడూ సూళ్ళేదు. అందుకని కూకున్నాను."

"మండినాయా?"

"మండినాయే. రెండు కళ్ళూ."

అత్త బెంచీ మీద కూర్చుని, కేరేజీ తన వైపు లాక్కుని, మూత తీసింది. ఒక పక్కకి జరిగి మావకి చోటిచ్చింది.

"కూకో," అంది. "పులుసు సల్లారిపోతాది."